తెర దిగి వచ్చిన గొరిల్లా

ఒక పాత సినిమాను మళ్ళీ తీస్తే పాత సినిమాకు వచ్చే నష్టం ఏమీ లేదు. కొత్తదీ ఉంటుంది, పాతదీ ఉంటుంది. ఏది బాగుందని తాతా మనవడూ వాదించుకోవచ్చు. వాదన తేలకపోతే రెండూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కానీ ఆ సినిమా ఆధారంగా థీమ్ పార్కులో కట్టిన రైడ్ సంగతి వేరు. కొత్త రైడ్ కట్టడానికి చోటు కావాలి. ఆ చోటు కోసం చాలాసార్లు పాత రైడ్‌ను ఊడదీస్తారు. ఊడదీశాక అది ఎలా కదిలేదో, ఎలా భయపెట్టేదో తెలుసుకోవడానికి ఫొటోలు, వీడియోలు, ఎక్కినవారి జ్ఞాపకాలు మాత్రమే మిగులుతాయి.

ఈ తేడా స్పష్టంగా కనిపించే ఉదాహరణ కింగ్ కాంగ్. ఈ భారీ గొరిల్లా కథను హాలీవుడ్‌లో 1933లో ఒకసారి, 1976లో మరోసారి, 2005లో ఇంకోసారి తీశారు. అమెరికాలోని యూనివర్సల్ పార్కుల్లో 1986, 1990, 2010, 2016 సంవత్సరాల్లో దానిపై నాలుగు రైడ్‌లు వచ్చాయి. మూడు సినిమాలనూ ఈనాటికీ చూడవచ్చు. మొదటి రెండు రైడ్‌లను మాత్రం ఎవరూ ఎక్కలేరు. ఈ ఎనభై ఏళ్ళకు పైగా కాలంలో ఒకే గొరిల్లాను బ్రతికించడానికి మనిషి ఎన్ని రకాల యంత్రాలు వాడాడో చూస్తే భౌతికశాస్త్రం పాఠాలు కొన్ని కళ్ళముందు కదులుతాయి.

పద్దెనిమిది అంగుళాల బొమ్మ

మెరియన్ కూపర్, ఎర్నెస్ట్ షోడ్‌సాక్ దర్శకత్వం వహించిన మొదటి 'కింగ్ కాంగ్' 1933 మార్చిలో న్యూయార్క్‌లో విడుదలయింది. అందులో ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కిన మహాకాయుడు నిజానికి సుమారు 18 అంగుళాల బొమ్మ. లోపల కీళ్ళున్న లోహపు అస్థిపంజరం, దానిపై రబ్బరు కండరాలు, ఆపైన కుందేలు చర్మం. బొమ్మలను తయారుచేసిన శిల్పి మార్సెల్ డెల్గాడో. వాటికి ప్రాణం పోసినవాడు విల్లిస్ ఓబ్రయన్.

పద్ధతి చెప్పుకోవడానికి సులభం. బొమ్మ చేతిని కొంచెం కదిపి ఒక ఫొటో తీయాలి. మళ్ళీ కొంచెం కదిపి ఇంకో ఫొటో తీయాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కనుక ఒక్క నిమిషం దృశ్యానికి 1440 సార్లు ఈ పని చేయాలి. వరుసగా వేసి చూపినప్పుడు మన మెదడు ఆ విడివిడి బొమ్మలను కలిపి చలనంగా గ్రహిస్తుంది. సినిమాను జాగ్రత్తగా చూస్తే కాంగ్ ఒంటిమీది వెంట్రుకలు అదేపనిగా అల్లాడుతూ కనిపిస్తాయి. అది గాలి కాదు. ప్రతి ఫ్రేముకూ బొమ్మను పట్టుకున్న వేళ్ళు బొచ్చును కాస్త చెదిరిస్తూ వచ్చాయి. పనివాడి వేలిముద్ర అలా తెరమీద మిగిలిపోయింది.

కొన్ని దగ్గరి దృశ్యాల కోసం నిలువెత్తు తల, ఒక చేయి, ఒక పాదం కూడా తయారుచేశారు. మొత్తం శరీరాన్ని అసలు పరిమాణంలో కట్టే ప్రయత్నం మాత్రం అప్పుడు ఎవరూ చేయలేదు. ఎందుకో గెలీలియోను అడగాలి.

పెద్దదైతే ఏమవుతుంది?

1638లో ప్రచురించిన తన చివరి గ్రంథంలో గెలీలియో ఒక ముఖ్యమైన విషయం వివరించాడు. ఒక జంతువును అదే ఆకారంలో పెద్దది చేస్తూ పోతే అది తన బరువును తానే మోయలేని స్థితి వస్తుంది. లెక్క వేసి చూద్దాం. మగ గొరిల్లా నిలబడితే 6 అడుగులు, బరువు 160 కిలోలు అనుకుందాం. దాన్ని 30 అడుగులకు, అంటే 5 రెట్లకు పెంచుదాం. పొడవు, వెడల్పు, మందం మూడూ 5 రెట్లవుతాయి కనుక ఘనపరిమాణం, దానితోపాటు బరువు 5×5×5 = 125 రెట్లు పెరుగుతాయి. 160 కిలోలు 20,000 కిలోలవుతుంది. కానీ ఆ బరువును మోసే ఎముక బలం దాని మధ్యచ్ఛేద వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది పెరిగేది 5×5 = 25 రెట్లే. అంటే ఎముకలోని ప్రతి చదరపు సెంటీమీటరుపై పడే భారం 5 రెట్లు ఎక్కువ. కథలోని కాంగ్ పరుగెత్తడం సంగతి అటుంచి, లేచి నిలబడటమే కష్టం.

కదలిక ఇంకా పెద్ద చిక్కు. ఒక చేతిని ఊపడానికి ఎంత బలం కావాలన్నది దాని జడత్వ భ్రామకంపై ఆధారపడుతుంది. అది ద్రవ్యరాశినీ, పొడవు వర్గాన్నీ అనుసరించి పెరుగుతుంది. 5 రెట్లు పెద్దదైన చేతికి అది 125×25 = 3125 రెట్లవుతుంది. అంత చేతిని విసిరి, అనుకున్న చోట ఆపడం మాటలు కాదు. ఆగకపోతే పక్కనున్న మనుషులకే ప్రమాదం.

చలనం వేగం కూడా మారుతుంది. లోలకం పొడవు పెరిగితే దాని ఆవర్తన కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుందని మనం చదువుకున్నాం. 5కు వర్గమూలం 2.24. కనుక 30 అడుగుల జీవి కాలూ చేయీ సహజంగా ఊగడానికి మామూలు గొరిల్లా కంటే రెండు రెట్లకు పైగా సమయం పట్టాలి. అంతకంటే చురుకుగా కదిలితే చూసేవారి కంటికి అది బొమ్మలా తోస్తుంది. ఏనుగు నడకకూ ఎలుక పరుగుకూ ఉన్న తేడా మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తేడా వెనుక ఉన్నది ఈ లెక్కే.

సినిమాలో ఓడి, పార్కులో గెలిచిన యంత్రం

1976లో నిర్మాత డీనో డి లారెంటిస్ ఈ కథను రంగుల్లో మళ్ళీ తీశాడు. దర్శకుడు జాన్ గిల్లర్‌మిన్. ఎంపైర్ స్టేట్ భవనం స్థానంలో అప్పటికి కొత్తవైన వరల్డ్ ట్రేడ్ సెంటర్ గోపురాలు వచ్చాయి. బొమ్మ స్థానంలో ఇటలీకి చెందిన కార్లో రాంబాల్డి రూపకల్పనతో 40 అడుగుల యాంత్రిక గొరిల్లా వచ్చింది. ప్రచారమంతా దాని చుట్టూనే సాగింది. తీరా చూస్తే అది కదలవలసినట్లు కదలలేదు. సినిమాలో కొన్ని క్షణాలు మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన దృశ్యాల్లో చాలావరకు గొరిల్లా వేషం వేసుకుని నటించినవాడు మేకప్ కళాకారుడు రిక్ బేకర్. హీరోయిన్‌ను పట్టుకునే భారీ యాంత్రిక చేతులు మాత్రం బాగా ఉపయోగపడ్డాయి.

సినిమాకు అసాధ్యమైనది పదేళ్ళ తరువాత పార్కులో సాధ్యమయింది. ఆ చోటు గురించి రెండు మాటలు. యూనివర్సల్ స్టూడియో స్థాపకుడు కార్ల్ లెమ్లీ 1915 నుంచే 25 సెంట్ల రుసుముతో జనాన్ని లోపలికి అనుమతించి షూటింగులు చూపించేవాడు. అవి మూగ సినిమాల రోజులు; చూసేవారు ఈలలు వేసినా ఇబ్బంది లేదు. సినిమాకు మాట రాగానే ఆ గోల పనికిరాకుండా పోయింది, సందర్శన ఆగిపోయింది. 1964లో ట్రామ్ బండ్లతో దాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు మన హైదరాబాద్ శివార్లలో 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో బస్సులెక్కి సెట్లు చూసే పద్ధతి కూడా ఈ కోవలోదే. అయితే ఖాళీ సెట్లను ఎంతసేపు చూస్తారు? అందుకే 1976లో యూనివర్సల్ వారు ముందటి ఏడాది విడుదలైన 'జాస్' సినిమాలోని షార్కును నీళ్ళలోంచి ట్రామ్ మీదికి లేచేటట్లు అమర్చారు. తరువాతి వంతు కాంగ్‌ది.

1986లో ప్రారంభమైన ఆ కాంగ్ ఎత్తు సుమారు 30 అడుగులు, బరువు సుమారు 7 టన్నులు. రూపొందించినవాడు బాబ్ గర్. డిస్నీ సంస్థలో ఎన్నో రైడ్ వాహనాలకు రూపమిచ్చి, 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో లేచి నిలబడి ప్రసంగించిన అబ్రహాం లింకన్ యాంత్రిక బొమ్మకు కీళ్ళు సమకూర్చిన ఇంజనీరు ఆయన.

మన లెక్కలో అదే పరిమాణం గల నిజమైన గొరిల్లా 20 టన్నులుండాలి. యంత్రం అందులో మూడోవంతు మాత్రమే. కండ, రక్తం లేవు. లోహపు చట్రం, పైన బొచ్చు. అంతేకాదు, అది నడవనక్కరలేదు. సినిమా కాంగ్ అడవిలో తిరగాలి, భవనాలెక్కాలి, ప్రతి దృశ్యంలోనూ కొత్త పని చేయాలి. పార్కు కాంగ్ ఒకే చోట, చీకటి గదిలో, వంతెన పక్కన నిలబడి, ఒకే రకం కదలికలను రోజంతా తప్పకుండా చేస్తే చాలు. జనమే ట్రామ్‌లో దాని దగ్గరికి వస్తారు. సమస్యను ఇలా కుదించుకోవడమే ఆ విజయ రహస్యం.

ఇంకో ఆకర్షణ కూడా ఉండేది. కాంగ్ ముఖం దగ్గరికి రాగానే దాని ఊపిరి అరటిపండు వాసన వేసేది. అరటిపండు వాసనకు ముఖ్య కారణం ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ అని రసాయనశాస్త్ర విద్యార్థులకు తెలుసు. అరటిపండు వాసన వేసే పిప్పరమెంట్లలో ఉండేదీ అదే. ఆ రైడ్ ఎక్కినవారు ఏళ్ళ తరువాత కూడా మొదట చెప్పేది ఆ వాసన గురించే. ఏ సినిమా తెరా ఇవ్వలేనిది అది.

1990 జూన్‌లో ఫ్లోరిడాలో తెరిచిన యూనివర్సల్ పార్కులో ఈ ఆలోచనను ఇంకా పెంచి 'కాంగ్‌ఫ్రంటేషన్' కట్టారు. న్యూయార్క్‌లోని రూజ్‌వెల్ట్ దీవికి వెళ్ళే తీగమార్గపు బండిని పోలిన పెట్టెలో జనం పైన వేలాడుతూ ప్రయాణిస్తే కాంగ్ దాన్ని పట్టి ఊపేవాడు. ఆ ప్రారంభదినాల్లో కొత్త యంత్రాలు తరచు మొరాయించాయి. అదే పార్కులోని 'జాస్' రైడ్‌నైతే మూసివేసి, మళ్ళీ కట్టి 1993లో తెరిచారు. సినిమాలో ఒక దృశ్యం చెడితే మళ్ళీ తీయవచ్చు. రైడ్ ప్రతి కొద్ది నిమిషాలకూ మొదటిసారి లాగే సరిగా పనిచేయాలి.

మమ్మీ వచ్చింది, కాంగ్ వెళ్ళింది

2002 సెప్టెంబరులో కాంగ్‌ఫ్రంటేషన్ మూతపడింది. 2004లో అదే భవనంలో 'రివెంజ్ ఆఫ్ ద మమ్మీ' అనే రైడ్ మొదలయింది. పాత సినిమాలకూ రీమేకులకూ మధ్య పోటీని అర్థం చేసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

'ద మమ్మీ' మొదట 1932లో వచ్చింది. నటుడు బోరిస్ కార్లాఫ్, మేకప్ నిపుణుడు జాక్ పియర్స్. గంటల తరబడి కూర్చుని వేయించుకున్న ఆ పట్టీల వేషం తెరమీద కనిపించేది కొద్దిసేపే. భయమంతా నిశ్శబ్దంలో, నెమ్మదిగా తెరుచుకునే కన్నులో ఉంది. 1999లో స్టీఫెన్ సోమర్స్ తీసిన రీమేక్ అలాంటిది కాదు. కంప్యూటర్‌తో గీసిన మమ్మీలు, ఇసుక తుఫానులు, పరుగులు, తుపాకులు. రైడ్ కట్టింది ఈ రెండోదాని మీద. కారణం సులువుగానే తెలుస్తుంది: పరుగును పట్టాలపై పెట్టవచ్చు, నిశ్శబ్దాన్ని పెట్టడం కష్టం. చీకట్లో సాగే ఆ బండిని లీనియర్ ఇండక్షన్ మోటార్లు ఒక్కసారిగా గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగానికి తోస్తాయి. మామూలు ఇండక్షన్ మోటారును నిలువునా కోసి చాపలా పరిచినట్లు ఊహించుకోండి. గుండ్రంగా తిరగవలసిన అయస్కాంత క్షేత్రం తిన్నగా పరుగెత్తుతుంది. బండికి అమర్చిన లోహపు పలకలో విద్యుత్ ప్రేరితమై బండి ఆ క్షేత్రం వెంట దూసుకుపోతుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది.

కొత్త రైడ్ కట్టినవారు పాతదాన్ని పూర్తిగా మరవలేదు. మమ్మీ నిధి గదిలో ఒక చిన్న బంగారు కాంగ్ విగ్రహాన్ని గుర్తుగా ఉంచారు. అంత పెద్ద యంత్రానికి మిగిలిన గుర్తు అదీ.

అగ్ని తరువాత తెర

2008 జూన్ 1 తెల్లవారుజామున హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగింది. ఒక సెట్టు పైకప్పు మరమ్మతులో వాడిన బ్లోటార్చి వేడి దీనికి కారణమని విచారణలో తేలింది. సెట్లు కాలిపోయాయి. 1986 నాటి కాంగ్ కాలిపోయింది. వీడియో ప్రతులు దాచిన భవనం కాలిపోయింది. సినిమాలకు నకళ్ళు వేరేచోట ఉన్నాయని స్టూడియో ప్రకటించింది. అదే భవనంలోని సంగీతపు మూల టేపులు కూడా పెద్ద సంఖ్యలో పోయాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించినప్పుడు ఎన్ని పోయాయన్న దానిపై పెద్ద వివాదమే నడిచింది. కాంగ్ విషయంలో మాత్రం వివాదానికి తావు లేదు. దానికి నకలు లేదు.

దాని స్థానంలో 2010 జులైలో వచ్చినది వేరే జాతి. 2005 రీమేక్ తీసిన న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ సహకారంతో ఒక సొరంగం కట్టారు. ట్రామ్‌కు ఇరువైపులా వంపు తిరిగిన పెద్ద తెరలు. సెకనుకు 60 ఫ్రేములతో త్రీడీ చిత్రం. ట్రామ్ కింద దాన్ని కుదిపే వేదిక. ఆ సినిమాలోని కాంగ్ ఆండీ సెర్కిస్ అనే నటుడి కదలికలను, ముఖకవళికలను కంప్యూటర్‌లోకి ఎక్కించి గీసినది. రైడ్‌లోనూ కాంగ్‌కు శరీరం లేదు, కాంతి మాత్రమే ఉంది.

మరి ట్రామ్ నిజంగా లోయలో పడుతున్నట్లు జనం ఎందుకు కేకలు వేస్తారు? స్టేషన్‌లో ఆగిన మన రైలు పక్కన ఇంకో రైలు కదిలితే మనమే కదిలినట్లు అనిపించడం అందరికీ అనుభవమే. చూపు మేర అంతా కదిలితే మెదడు 'నేనే కదులుతున్నాను' అని తీర్పు చెబుతుంది. పైగా లోపలి చెవిలోని సమతాస్థితి అవయవం ఒరగడాన్నీ త్వరణాన్నీ విడదీసి చెప్పలేదు. సీటును కాస్త వెనక్కి ఒరిగిస్తే, కంటికి ముందుకు దూసుకుపోతున్న దృశ్యం చూపిస్తే, గురుత్వాకర్షణే త్వరణంలా తోస్తుంది. విమాన చోదకుల శిక్షణ యంత్రాల్లోనూ ఇదే కిటుకు.

ఇది పూర్తిగా కొత్తదనుకోవడం పొరపాటు. 1905 ప్రాంతంలోనే అమెరికాలో జార్జి హేల్ అనే ఆయన 'హేల్స్ టూర్స్' పేరుతో రైలుపెట్టె ఆకారపు గదిలో జనాన్ని కూర్చోబెట్టి, ముందు తెరపై కదిలే రైలు నుంచి తీసిన చిత్రం వేసి, పెట్టెను కుదిపేవాడు. కొద్ది సంవత్సరాల్లో జనానికి అది పాతబడిపోయింది. తెరకున్న బలమూ బలహీనతా అదే: ఏ దృశ్యాన్నైనా చూపగలదు, కానీ ఇంకా మంచి తెర రాగానే వెలవెలబోతుంది.

బహుశా అందుకే 2016లో ఫ్లోరిడాలో ప్రారంభమైన 'రెయిన్ ఆఫ్ కాంగ్' రెండు దారులనూ కలిపింది. పట్టాలు లేని పెద్ద బండి తెరల సొరంగం గుండా వెళ్ళి, చివరికి నిజంగా కదిలే, శ్వాసించే యాంత్రిక కాంగ్ ముందు ఆగుతుంది. కథాకాలం కూడా వెనక్కి, 1930ల నాటికి వెళ్ళింది. 2025 మేలో అదే ఓర్లాండో నగరంలో తెరిచిన 'ఎపిక్ యూనివర్స్' పార్కులో ఒక విభాగం మొత్తం 1930లు, 40ల నాటి ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా, తోడేలు మనిషి వంటి పాత్రలకే కేటాయించారు. అక్కడా యాంత్రిక బొమ్మలదే పెద్దపీట. పాతది ఓడింది, కొత్తది గెలిచింది అని ఒక్క మాటలో తేల్చడానికి వీల్లేదు.

ఏది దాచుకోవాలి?

1933 సినిమాలో ఒక దృశ్యం ఉండేది. లోయలో పడిన నావికులను సాలీళ్ళు, వింత జీవులు చుట్టుముడతాయి. కథ నడక మందగిస్తోందని కూపర్ దాన్ని తీసేశాడు. ఆ ఫిల్ము మళ్ళీ దొరకలేదు. 2005లో పీటర్ జాక్సన్ బృందం మిగిలిన బొమ్మల నమూనాలు, ఫొటోలు, చిత్తు ప్రతులు ఆధారంగా పాత పద్ధతిలోనే, ఫ్రేము తరువాత ఫ్రేముగా, ఆ దృశ్యాన్ని ఊహించి తిరిగి తీసింది. ఫిల్ము పోయినా కాగితాలు మిగలడం వల్ల అది సాధ్యమయింది. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రతి ఒక్కటి కూడా దొరకడం లేదు. ఫొటోలు, ప్రకటనలు చూసి దాన్ని ఊహించుకోవలసిందే. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే మూగ సినిమాల్లో చాలాభాగం పోయింది. సినిమాను దాచవలసిన వస్తువుగా గుర్తించడానికే మనకు అంత కాలం పట్టింది.

రైడ్‌లను ఇంకా అలా గుర్తించలేదు. పాత కొయ్య రోలర్ కోస్టర్లకు మాత్రం కొన్ని చోట్ల ఆ గౌరవం దక్కింది. న్యూయార్క్ కోనీ ఐలండ్‌లోని 1927 నాటి 'సైక్లోన్'ను 1988లో నగర వారసత్వ చిహ్నంగా ప్రకటించారు. ఇంగ్లండులో మార్గేట్ పట్టణంలోని 1920 నాటి 'సీనిక్ రైల్వే'కు చట్టపరమైన రక్షణ ఉంది. దెబ్బతిన్న దాన్ని బాగుచేసి 2015లో తిరిగి నడిపారు. చట్టం పడగొట్టవద్దన్నది కనుక మరమ్మతు చేయవలసి వచ్చింది. సినిమా రైడ్ ఆ భాగ్యానికి నోచుకోకపోవడానికి కారణం ఉంది. దాని విలువను కొత్త సినిమా నిర్ణయిస్తుంది. రీమేక్ రాగానే పాత రైడ్ పాత ప్రకటన బోర్డులా కనిపిస్తుంది.

ఏడు టన్నుల గొరిల్లాను మ్యూజియంలో పెట్టమనడం అన్నిచోట్లా కుదరదు. కానీ దాని చేయి ఎంత త్వరణంతో కదిలింది, ఏ కీలు ఎన్నాళ్ళకు అరిగింది, మొరాయించినప్పుడు ఏం చేశారు అన్న వివరాలు రాసిపెట్టడానికి పెద్ద స్థలం అక్కరలేదు. 2009లో లండన్ వేలంలో 1933 నాటి ఒక కాంగ్ బొమ్మ లోపలి లోహపు చట్రం లక్ష పౌండ్లకు పైగా ధర పలికింది. బొచ్చు, రబ్బరు ఎప్పుడో రాలిపోయినా ఆ కీళ్ళను చూసి బొమ్మ ఎలా కదిలిందో ఈనాటి ఇంజనీరు చెప్పగలడు. 1986 నాటి యంత్రం గురించి అలా చెప్పాలంటే అతనికి డ్రాయింగులు కావాలి, దాన్ని నడిపినవారి మాటలు కావాలి. అవి సేకరించవలసింది వారు మన మధ్య ఉన్నప్పుడే.